విన్సెంట్ సారు, వెనక గోడ

విన్సెంట్ సారుకు మనుషులు కనబడరు, మనుషుల వెనక గోడలు కనబడతాయి. ఎదురుగా నిలబడింది కలెక్టరైనా కూరగాయలమ్మే ఆమె అయినా ఆయన చూపు వాళ్ల భుజం మీదుగా వెనక్కి పోయి, సున్నం మీదో టైల్స్ మీదో ఆగుతుంది. ఆ రంగు ఆ మనిషికి పడుతుందో లేదో తేల్చుకున్నాకే మాట. పడదనిపిస్తే మాట కూడా ఉండదు, ముందు మనిషిని పక్కకు జరపాల్సిందే.

ఈ సంగతి తెలియని సుభాషిణి మొదటి రోజే హడలిపోయింది. నర్సంపేట పక్క పల్లె నుంచి వచ్చి, హనుమకొండలో ఓ ప్రైవేటు జూనియర్ కాలేజీలో జువాలజీ ల్యాబ్ అసిస్టెంటుగా చేరిన పిల్ల. ల్యాబ్ గుమ్మంలో నిలబడి నమస్కారం పెట్టింది. జువాలజీ సీనియర్ లెక్చరరైన విన్సెంట్ సారు కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి, ఆమె చెవి పక్కగా చూస్తూ, "బిడ్డా, జర ఇటు జరుగు. ఆ గోడ నీకు పడుతలేదు" అన్నాడు.

గోడ మీద పామేదో ఉందనుకుంది సుభాషిణి. ఒక్క గెంతు గెంతి బల్ల అవతల పడింది. చేతిలోని టిఫిన్ డబ్బా ఎగిరి సింకులో పడింది.

"ఏందది సార్? ఏందది?"

"ఏం లేదమ్మా, తెల్లరంగు. నీ అసొంటి మెత్తటి మనిషికి మంచిది గాదు. ఇప్పుడు సూడు, ఎంత నిమ్మళంగున్నవో!"

నిమ్మళం సంగతి దేవుడెరుగు, ఆమె గుండెదడ తగ్గేసరికి మధ్యాహ్నమైంది. అప్పటికి సారుకు అన్నం తీసుకుని ఆయన భార్య మరియమ్మ వచ్చింది. పిల్ల ముఖం చూసి విషయం పట్టేసింది.

"బెదిరినవా? ఇదేం జూసినవ్ బిడ్డా! మా పెండ్లిచూపులకాడ కట్టెలు లేసినై. ఈయన నా మొకం దిక్కే సూడలే. ఆ పచ్చగోడ కాడికెల్లి పిల్లను లేపుండ్రి, ఆమెకు పడుతలేదు అన్నడు. పిల్లను వద్దంటాండని మా నాయిన లేసిండు. మా పెదనాయిన కట్టె అందుకున్నడు. ఈయనకు అవేం లెక్క లేదు. కుర్చీతోని సహా నన్ను లేపి కిటికీ కాడ పెట్టిండు."

సుభాషిణి నోరు తెరుచుకుంది. "మరి మీరేమన్నరాంటీ?"

"ఏమంట? ఆ గోడ అవతలనే వంటింటి పొయ్యి మండుతాంది. వీపు కాలి సస్తాన. అంతమంది వచ్చిన్రు గని నా తిప్పలు కనుక్కున్నది ఈయనొక్కడే. చేసుకుంటె ఈయన్నే చేసుకుంట అన్న."

సారుకు ఇప్పటిదాకా పాస్‌పోర్టు లేదు. సుబేదారిలో ఫొటో స్టూడియోవాడు తెల్ల పరదా ముందు నిలబెడితే, "ఈ తెలుపుల దాగనీకె ఏమున్నదయ్యా?" అని అడిగి ఇంటికొచ్చేశాడట. జెరూసలేం చూడాలని మరియమ్మకు ఎంత ఆశో! ఆ పరదా రంగు మారేదాకా జెరూసలేం ఆగాల్సిందే.

ఈ పిచ్చికి మూలం కప్పలేనని కాలేజీలో అందరి నమ్మకం. ల్యాబుల్లో కప్పల్ని కోయడం ఎప్పుడో ఆగిపోయింది. అయినా ఏటా వానలకు ముందు కాలేజీ హాస్టల్ సంపు కడిగేటప్పుడు అందులో తోకకప్పలు, పిల్లకప్పలు బయటపడతాయి. పనివాళ్లు వాటిని మోరీలో పారబోయబోతే సారు బకెట్ అడ్డం పెట్టి పట్టుకొస్తాడు. పెంచి, వానలు పడ్డాక తీసుకెళ్లి పొలాల్లో వదిలేస్తాడు. అందాకా అవి ల్యాబులో ఆయన చుట్టాలు.

ఈ ఏడు కరస్పాండెంట్ కిషన్ రావు కన్ను ఆ చుట్టాల మీద పడింది. అడ్మిషన్ల కాలం, తల్లిదండ్రులు కాలేజీ చూడ్డానికి వస్తారు. పాత తొట్లు తీసేయించి, అడుగున తెల్లటి టైల్స్ పరిచిన గాజుపెట్టెలు చేయించాడు. పైన లైట్లు పెట్టించాడు. కప్పలు నగల దుకాణంలో హారాల్లా కూర్చున్నాయి.

రెండు రోజుల్లో అవి తిండి మానేశాయి. గాజుకు ముక్కులు కొట్టుకోసాగాయి. ఒకదాని మూతి చెక్కుకుపోయింది. విన్సెంట్ సారు కూడా అన్నం మానేశాడు. మూడో రోజు కరస్పాండెంట్‌ను చెయ్యి పట్టుకుని ల్యాబుకు లాక్కొచ్చాడు. ఆయన చెయ్యి పట్టుకునే ధైర్యం కాలేజీలో ఎవరికీ లేదు. సుభాషిణి గుడ్లు తేలేసింది.

"సార్, వీటికి ఆ తెల్లరంగు పడుతలేదు."

"కప్పలకు కలర్ల సంగతేం తెలుసయ్యా?"

"కప్పకు కనబడుడే భయం సార్. తెల్లదాని మీద కూసుంటె ఏ పిట్ట ముక్కున పడుతనో అనుకుంటది. మట్టిరంగు మీదుంటె నన్నెవరు జూడలే అనుకోని తింటది, పంటది. నమ్మకుంటె ఎలక్షన్ పెడుత."

నిజంగానే పెట్టాడు. ఒక పెద్ద టబ్బులో సగానికి తెల్లటి అట్ట, సగానికి మట్టిరంగు అట్ట పరిచి కప్పల్ని నడిమధ్య వదిలాడు. కాసేపటికల్లా అన్నీ మట్టిరంగు వైపు చేరి ఒకదాన్నొకటి ఆనుకుని కూర్చున్నాయి. కిషన్ రావు అదిరిపడ్డాడు. ఆ వైపు పురుగులేవో చల్లారని అనుమానపడి అట్టలు తానే తారుమారు చేశాడు. కప్పలు మళ్లీ లేచి, గెంతుకుంటూ మట్టిరంగు పార్టీకే వచ్చాయి.

"నువ్వు వీటికి ట్రైనింగ్ ఇచ్చినవయ్యా!" అని అరిచి కరస్పాండెంట్ వెళ్లిపోయాడు. సారు ఇక ఎవర్నీ అడగలేదు. మట్టిరంగు డిస్టెంపర్ డబ్బా తెచ్చి గాజుపెట్టెలకు వెనకా పక్కలా బయటి నుంచి పూసేశాడు, లోపల టైల్స్ మీద మట్టి పరిచాడు. సాయంత్రానికల్లా మూతి చెక్కుకుపోయిన కప్ప వానపామును మింగింది. మరియమ్మ తెచ్చిన అన్నం సారు కూడా తిన్నాడు.

అదే వారంలో సుభాషిణి కష్టం బయటపడింది. ఇదే కాలేజీలో లెక్చరర్ ఉద్యోగానికి ఆమె డెమో క్లాసు ఇవ్వాలి. కరస్పాండెంటూ పెద్దలూ వెనక బెంచీల్లో కూర్చుంటే పిల్లల ముందు పాఠం చెప్పి చూపాలి. అంతకు ముందు వేరే కాలేజీల్లో ఇచ్చిన డెమోల్లో ఆమె గొంతు పెగల్లేదు. ఈసారీ కాకపోతే ఇంటికి వచ్చేయమన్నాడు తండ్రి వెంకటయ్య. పత్తి గింజలు పెట్టడానికి మనుషులు దొరకడం లేదట. ఆయన తిట్టి అన్న మాట కాదది, ఉన్నమాట. అదే ఆమెను ఎక్కువ బాధపెట్టింది. చదివిన చదువంతా పత్తిచేలో పూడ్చిపెట్టాల్సి వస్తుందని ఏడుపొచ్చింది.

విచిత్రమేమిటంటే ల్యాబులో ఎవరూ లేనప్పుడు ఆమె కప్పలకు కప్ప గుండె గురించే గలగలా చెప్పేది. ఒకరోజు వెనక నుంచి సారు చప్పట్లు కొడితే సిగ్గుతో చచ్చిపోయింది.

"ఇంత మంచిగ చెప్తానవ్ గదా, డెమోల ఏమైతాంది?"

"అందరు నన్నే జూస్తాంటె నోరు పడిపోతది సార్."

సారు చాలాసేపు ఆమె చెవి పక్కగా చూశాడు. తర్వాత, "నీ తాన మట్టిరంగు చీర ఉన్నదా?" అని అడిగాడు.

సుభాషిణి కొయ్యబారిపోయింది. తండ్రి వయసు మనిషి చీరల గురించి అడగడమేమిటి? అక్కడే డబ్బాలు సర్దుకుంటున్న మరియమ్మ మాత్రం, "అడిగిండంటె ఏదో ఉంటది, చెప్పు బిడ్డా" అంది. ఉందని తలూపింది.

డెమో రోజు ఆ చీర కట్టుకుని హాల్లో అడుగుపెట్టిన సుభాషిణి ఒక్కడుగు వెనక్కి వేసింది. బోర్డు తప్ప దాని వెనక గోడంతా, కింది నుంచి పై దాకా, గాజుపెట్టెలకు పూసిన ఆ మట్టిరంగే! ముందురోజు, ఆదివారం పూట ఎవరు పూశారో అడగనక్కర్లేదు. ఆమె వెళ్లి బోర్డు పక్కన నిలబడితే చీరా గోడా ఏకమైపోయాయి. "మేడం యాడుందిరా?" అని ముందు బెంచీలో ఎవడో గుసగుసలాడాడు. నన్ను కప్పను చేశాడే ఈ పెద్దమనిషి, అనుకుంది సుభాషిణి. కోపంతో కళ్లు చెమర్చాయి.

కిషన్ రావు లోపలికొస్తూనే కేక పెట్టాడు. "ఎవడయ్యా నా గోడను ఇట్ల జేసింది?"

"నేనే సార్."

అందరి తలలూ అటు తిరిగాయి. కిటికీ పక్క మిగిలిన తెల్లగోడ ముందు విన్సెంట్ సారు నిలబడి ఉన్నాడు. ఏనాడూ మట్టిరంగు చొక్కా తప్ప తొడగని మనిషి ఎర్రటి ఎరుపు చొక్కాలో, మెడ దాకా గుండీలు పెట్టుకుని ఉన్నాడు. మిరపకాయ బస్తా మీద కూడా అంత ఎరుపుండదు. హాలంతా నివ్వెరపోయింది.

"ఇదేం అవతారమయ్యా?"

"పండుగ అంగీ సార్" అంటూ ఆయన వెనక్కి జరిగి కుర్చీని పడగొట్టాడు. దాన్ని లేపబోయి కప్ప బొమ్మ చార్టును జారవిడిచాడు. తీసి తలకిందులుగా తగిలించాడు. పిల్లలు విరగబడి నవ్వారు. వచ్చిన పెద్దలు రాసుకోవడం మానేసి ఆయన్నే చూస్తున్నారు. కిషన్ రావు కళ్లు ఆ చొక్కాకు అతుక్కుపోయాయి.

సుభాషిణి వైపు ఒక్కరూ చూడడం లేదు. ఆమె నోరు తెరిచింది.

"కప్ప గుండెల మూడు గదులుంటయి."

గొంతు వచ్చింది! అది తనదేనా అని ఆమే ఉలిక్కిపడింది. అందరూ ఇటు తిరిగేసరికి రెండు గదులు అయిపోయి మూడోది నడుస్తోంది. ఇక ఆమె ఆగలేదు. నవ్వుతున్న పిల్లలు ఎప్పుడు నవ్వు ఆపారో, పెద్దలు ఎప్పుడు రాసుకోవడం మొదలుపెట్టారో ఆమె గమనించనే లేదు.

"రేపటిసంది క్లాసులు తీసుకో అమ్మా" అన్నాడు కిషన్ రావు. తర్వాత ఎర్రచొక్కా వైపు చూసి, అనాల్సింది మింగేసి బయటికి నడిచాడు.

సుభాషిణి సారు దగ్గరికి పరుగెత్తింది. ఆయన ఇంకా తెల్లగోడ ముందే ఉన్నాడు. చొక్కా చెమటకు తడిసి ముద్దయింది, రెండు చేతులూ కిటికీ ఊచను పట్టుకుని ఉన్నాయి. ఆమెకు దెబ్బ తగిలినట్టయింది.

"సార్, మీకు గూడ భయమేనా?"

"చిన్నప్పటిసంది. నలుగురు జూస్తె సచ్చిపోత. చర్చిల వాక్యం చదవుమంటె నా బదులు మరియమ్మనే చదువుతది."

ఇంతకాలం తనవైపు చూడడనుకున్న మనిషి ఎంత బాగా చూశాడో ఆమెకు అప్పుడు అర్థమైంది. పడిన కుర్చీని లేపి ఆయన దగ్గర పెట్టింది. "ఇగ చాలు, రాండ్రి సార్, చాయ్ తాగుదాం" అంది.

"నువ్వు పో బిడ్డా. ఇంక కెమిస్ట్రీ పిల్ల డెమో ఉన్నది. కావ్య అట. బయట బెంచి మీద గోర్లు కొరుకుతాంది."

సుభాషిణి తలుపు సందులోంచి చూసింది. "ఆమె చీర నీలం సార్! గోడతోని ఎట్ల కలుస్తది?"

"అదే నా ఫికర్. ఒట్టి అంగీతోని పనైతట్టు లేదు."

ఆయన సంచిలో చెయ్యి పెట్టి, కుచ్చు వేలాడే క్రిస్మస్ తాత టోపీ తీసి తలకు తగిలించుకున్నాడు. అప్పుడే తలుపు తోసుకుని వచ్చిన కిషన్ రావు "ఓర్నాయనో!" అని గుమ్మంలోనే ఆగిపోయాడు. ఆయన వెనక కావ్య గోళ్లు కొరకడం మరిచి నోరు తెరిచింది.

సుభాషిణి చాయ్ సంగతి వదిలేసి, తెల్లగోడకు ఆనుకుని సారు పక్కన నిలబడి, "ఇంకో టోపీ ఉన్నదా సార్?" అని అడిగింది.