మాంత్రికుడి అంగీ కొలతలు

తమిళనాడు కోవిల్‌పట్టిలో మా వీధి మొత్తానికి టీవీ ఉన్నది ఒక్క ఇంట్లోనే. తొంభైల నడుమ సంగతి. ఆదివారం సాయంత్రం జానపద సినిమా వేస్తే పిల్లలమంతా అక్కడే. రాకుమారి ఎప్పుడూ పాలమీగడలా ఉండేది. మాంత్రికుడు మాత్రం నల్లగా, కంటినిండా సుర్మా, బొడ్డుదాకా గడ్డం, తలకు పచ్చగుడ్డ. వాడు నోరు విప్పకముందే దుర్మార్గుడని మాకు తెలిసిపోయేది. ఇంక కథ చెప్పడం దేనికో!

మర్నాటి నుంచి ఆ సినిమా మా వాకిట్లో ఆడేది. అగ్గిపెట్టెలు ఎండబెట్టే జాగానే మాకు కోట. మా మామ కూతురు తెల్లటి పిల్ల, వెదురుబద్దలా పొడుగు. రాకుమారి అదే. నేను పొట్టి, లావు, నలుపు. మాంత్రికుణ్ణి నేనే. "నీకు మేకప్పే వద్దు పిల్లా" అని అది నవ్వితే నాకు ఒళ్ళు మండేది. ఒక్కసారి, ఒకే ఒక్కసారి రాకుమారి పావడా కట్టుకోవాలని ప్రాణం కొట్టుకునేది. అడగడానికి నోరు వచ్చేది కాదు. అద్దం మా ఇంట్లోనూ ఉందిగా.

ఒక వేసవి సెలవుల్లో వీధి అందరి ముందూ నాటకం వేద్దామనుకున్నాం. బట్టల కోసం నేనూ మామ కూతురూ మూలమీది టైలర్ దగ్గరికి పోయాం. ఆయన ముస్లిం. ఊరంతా బాయి అనేది, పిల్లలం బాయి తాత అనేవాళ్ళం. మిగిలిన గుడ్డముక్కలతో మా బొమ్మలకు గౌన్లు కుట్టిచ్చే మనిషి. ఇంట్లో తెలుగైనా గడప దాటితే మాకు తమిళమే, ఆయనతోనూ అంతే.

"మాంత్రికుడు ఎట్లుంటాడు?" అని అడిగాడు.

"పెద్ద గడ్డం తాతా. కళ్ళకు సుర్మా. తలకు పచ్చ..." అంటూ ఆయన ముఖంలోకి చూశాను. గడ్డం. సుర్మా. తలకు చుట్టిన పచ్చ తువాలు. మామ కూతురు నేలచూపులు చూసింది. సిగ్గుతో చచ్చిపోయాననుకోండి.

ఆయన మిషన్ ఆపలేదు. "ఆ వేషం ఎవరిది?"

"నాదే. నల్లగా ఉన్నాను గదా, మేకప్పు వద్దు."

"అట్లయితే నాకూ వద్దు" అని పకపకా నవ్వాడు. నవ్వి టేపు తీసి, ఇద్దరి కొలతలూ రాసుకున్నాడు.

నాటకం వేళకు మూట వచ్చింది. నల్ల అంగీ తొడిగాను. చేతులు మోకాళ్ళ కిందికి వేలాడాయి, అంచు నేల ఊడ్చింది. జరీ పావడా మామ కూతురికి పిక్కల పైనే ఆగింది, నడుమున నిలవక జారింది. "తాత కొలతలు తారుమారు చేశాడే!" అని అది ఏడుపుముఖం పెట్టింది. ముప్పై ఏళ్ళుగా ఊరికంతా కుట్టేవాడు తారుమారు చేస్తాడా? నాకు మెల్లగా వెలిగింది. అంగీ విప్పి దాని చేతికిచ్చి, పావడా కట్టుకున్నాను. అచ్చంగా సరిపోయింది.

"రాకుమారి నల్లగా ఉంటాదా ఏమిటే?" అని మా అవ్వ ముందు వరసలోంచి అరిచింది.

"ఈ ఊళ్ళో ఉంటాది అవ్వా!" అని నేనూ అరిచాను. జనం గొల్లుమన్నారు. అంత సంతోషం తర్వాత నా పెళ్ళిలో కూడా పడలేదు.

మామ కూతురు గడ్డం లేకుండా, మసి పూసుకోకుండా, ఆ తెల్లముఖంతోనే మాంత్రికుడి నవ్వు నవ్వేసరికి ముందున్న చంటిపిల్ల జడుసుకుంది. ఆ వేషం దానికెంత నచ్చిందంటే, చావమంటే చావదు. రాజు వేషం కట్టిన పిల్లాడు మూడుసార్లు పొడవాల్సి వచ్చింది.

అది పడగానే అందరికన్నా గట్టిగా బాయి తాత చప్పట్లు కొట్టాడు. పావడా ఎత్తిపట్టుకుని ఆయన దగ్గరికి పరుగెత్తాను. "బాగుందా తాతా?"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "చిన్నప్పట్నుంచి ఎన్ని సినిమాలు చూశానో తల్లీ. మాంత్రికుడు చచ్చినప్పుడు నేను చప్పట్లు కొట్టింది ఈరోజే."