బస్సు వెనక పరిగెత్తిన పిల్ల

మస్కట్ దగ్గర అల్ ఖౌద్‌లో నేను పనిచేసిన విల్లాలో ఒక నార్వే కుటుంబం ఉండేది. సారు చమురు కంపెనీలో ఇంజినీరు. మేడమ్ మంచి మనిషి, ఎండకు మాత్రం తట్టుకోలేకపోయేది. వాళ్లకు పదిహేడేళ్ల కూతురు ఒక్కతే. కడప జిల్లా నుంచి నేను ఆ ఇంటికి వంటకు వచ్చేనాటికి తొంభైలు మొదలవుతున్నాయి. నా ఇంగ్లీషు వాళ్లింట్లో నేర్చుకున్నదే. అందులో నార్వే యాస పలుకుతుందని సారు నవ్వేవాడు.

ఆ అమ్మాయి గిటారు వాయిస్తూ సొంతంగా పాటలు కట్టేది. గొంతు బాగుండేది. ఆమెకున్న బాధల్లా ఏ బాధా లేకపోవడమే. ఒక మధ్యాహ్నం పాటలు రాసుకునే పుస్తకంతో వంటింట్లోకి వచ్చి గట్టెక్కి కూర్చుంది.

"అక్కా, నువ్వు ఊరు వదిలిన రోజు ఏం జరిగింది?" అని అడిగింది. "అక్కా" ఒక్కటే నేను నేర్పిన మాట, మిగతాదంతా ఇంగ్లీషు.

నిజానికి ఏమీ జరగలేదు. మా ఆయన బస్టాండు బెంచీ మీద కునుకు తీశాడు. ఎనిమిదేళ్ల నా కూతురు, వచ్చేటప్పుడు నల్ల పట్టీ వాచీ తెమ్మని రెండుసార్లు చెప్పి, బస్సు కదలకముందే సోడా బండి దగ్గరికి పోయింది. ఉన్నదున్నట్టు చెప్పాను. అమ్మాయి మొహం వాడిపోయింది, పుస్తకం మూసేసింది. చూస్తే నాకు జాలేసింది. ఆగమని చెప్పి, నా కూతురు చెప్పుల్లేకుండా బస్సు వెనక ఏటి వంతెన దాకా పరిగెత్తిందన్నాను. చెబుతుంటే నాకే కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆమె చకచకా రాసుకుంది.

వారం తిరక్కుండా పాట తయారైంది. టేపులోకి చప్పుడు రాకూడదని ఏసీలన్నీ ఆపించింది. నేను చెమటలు కక్కుతూ తలుపు బయట నిలబడి నా దుఃఖం విన్నాను. ఆమె దాన్ని బడిలో పాడింది, తర్వాత మస్కట్‌లో ఒక హోటల్ విందులో పాడింది. మరుసటి ఏడాది చదువుకని నార్వే వెళ్లి, స్నేహితులతో కలిసి ఒక చిన్న కంపెనీకి క్యాసెట్ చేసింది. అందులో మొదటి పాట అదే. అక్కడి రేడియోలో రోజూ వేసేవారట.

పేపరు కత్తిరింపు ఒకటి పోస్టులో వచ్చింది. ఈ అమ్మాయి పాటలో ఒక్క అబద్ధపు మాట లేదని రాశారని మేడమ్ చదివి చెప్పింది. నేను పెనం మీద చేప ముక్కలు తిరగేశాను. మేడమ్ దిగులు వేరు. పాటలో పరిగెత్తేది "నేను" అని ఉంది.

"దాన్ని వదిలేసి నేనెప్పుడు బస్సెక్కాను? మా చుట్టాలు ఫోన్ చేసి అడుగుతున్నారు," అంది.

చలికాలం సెలవులకు అమ్మాయి వచ్చింది. రెండో రోజే గట్టెక్కి కూర్చుని, ఇంకో నిజం చెప్పమంది. ఇక దాచలేక, నా కూతురు బస్సు వెనక పరిగెత్తిందన్నది అబద్ధమని ఒప్పుకున్నాను.

"మరి వాచీ?" అంది అమ్మాయి.

"అది నిజమే. కొని పంపించినాను గూడా."

కోపమొచ్చిందనుకున్నాను. సాయంత్రానికి గదిలోంచి గిటారు వినిపించింది. వాచీ అడిగిన పిల్ల మీద పాట కట్టి, మర్నాడు నా ఎదుట పాడింది. నాకు చాలా నచ్చింది. రెండో క్యాసెట్‌లో అది వచ్చినప్పుడు, అమ్మాయిలో మునుపటి నిజాయితీ తగ్గిందని పేపర్లో రాశారట. చుట్టాల ఫోన్లు ఆగిపోయినందుకు మేడమ్ మాత్రం సంతోషించింది.

తర్వాతి సెలవుకు ఇంటికి పోయినప్పుడు ఆ క్యాసెట్లు నా కూతురికి వినిపించి, కథంతా చెప్పాను. నవ్వుతుందనుకున్నాను. ఆమె టేపు ఆపేసింది.

"నేను ఏడ్చలేదని నీకు బాధగా ఉన్నిందా మా?"

"లేదే."

"నువ్వు పోయినాక రెండు దినాలు నేను అన్నం తిన్లేదు. నాయన జాబులో రాయలేదా?"

రాయలేదన్నాను. అక్కడికి పోయిన కొత్తలో ఆ మాట తెలిసి ఉంటే తిరుగు టికెట్ అడిగేదాన్నేమో. ఈ సంగతి నేను నార్వే అమ్మాయికి ఎప్పుడూ చెప్పలేదు.