ఎనిమిదో కాలు

తడి కొబ్బరిపొట్టు వాసన తగిలితే చాలు, నాకు పైడమ్మ టీచరు గుర్తొస్తారు. జూలో సాలీళ్ళ గాజుపెట్టెలు చూసుకునే ఉద్యోగం నాది. పొద్దున్నే పెట్టెల్లో ఆ పొట్టు తడుపుతాను, అంటే ఆవిడ రోజూ గుర్తొస్తారన్నమాట! ఖరగ్‌పూర్ ఝపటాపూర్‌లో మా పక్కింటివారు, మా బడిలో సైన్సు టీచరు, రైల్వే గార్డు కూతురు. వర్క్‌షాపు సైరన్ వినగానే చేతి గడియారం సరిచూసుకునే మనిషి. బండికి చాలా ముందే ప్లాట్‌ఫారం మీద లేకపోతే ఆవిడకు కాళ్ళూ చేతులూ ఆడేవి కావు. "బండి తప్పితే మా నాన్న పరువు పోయినట్టే" అనేవారు.

అలాంటి టీచరు మమ్మల్ని ఏడో తరగతిలో లోకల్ బండెక్కించి నగరంలో జూకి తీసుకెళ్ళారు. ఇక స్టేషన్‌కు బయల్దేరాలనగా ఒక గాజుపెట్టె దగ్గర ఆగిపోయాం. మెక్సికో సాలీడట, నా అరచేయంత! మోకాళ్ళ దగ్గర నారింజ రంగు. తడి కొబ్బరిపొట్టు మీద వెల్లకిలా పడి ఉంది. కాళ్ళు ఏడే, ఒకటి ఎప్పుడో ఊడిపోయింది.

"అయ్యో, సచ్చిపోనాది టీచర్!" అన్నాను.

ఆ పూటకి బదులు వచ్చిన కాపలాదారూ అదే అనుకున్నాడు. మూత తీసి పట్టకారు లోపలికి పెట్టాడు.

"దాదా, ఆగండి!" టీచరు కేకకు హాలంతా అదిరింది. బెంగాలీలో అతనికీ, తెలుగులో మాకూ గబగబా చెప్పారు. "సచ్చిన సాలీడు కాళ్ళు కిందికి ముడుసుకుని బోర్లా ఉంటాది. ఇది పాత తోలు ఇడుస్తంది. ఒళ్ళంతా మెత్తగుంటాది, ఇప్పుడు ముట్టుకుంటే నిజంగానే సస్తాది!"

అతను నమ్మలేదు. మేం అటు తిరగ్గానే తీసి పారేస్తాడని మొహమే చెబుతోంది.

"టీచర్, బండెలిపోతాది!" అన్నాను.

ఆవిడ గడియారం చూసుకున్నారు. దాన్ని విప్పి చేతిసంచిలో పడేశారు. "పోతే పోనీయ్! ఇంకో బండి వస్తాది. ఇది మళ్ళీ వస్తాదేటి?"

చాలాసేపటికి కదిలింది! వీపు మీది పెంకు డబ్బా మూతలా ఊడింది. తొడుగులోంచి వేళ్ళు లాగినట్టు ఒక్కో కాలూ బయటికొస్తుంటే ఊపిరి బిగబట్టి లెక్కపెట్టాం. ఏడు వచ్చాయి. ఆ వెనకే సన్నగా, లేతగా ఇంకోటి!

"ఎనిమిది! పోయిన కాలు మొలిసిందర్రా!" అందరికంటే గట్టిగా అరిచింది టీచరే. కాపలాదారు కూడా మాతోపాటు గంతేశాడు. నా ఉద్యోగం ఆ నిమిషమే ఖాయమైపోయింది.

టీచరు ఇప్పుడు లేరు. ఆవిడంటే నాకు ప్రాణం. నిన్న సాయంత్రం మా జూలో ఒక సాలీడు వెల్లకిలా పడింది. "చచ్చిపోయింది మేడం!" అని పిల్లలు గొల్లుమన్నారు. అప్పుడే గేట్లు మూసే గంట మోగింది.

నేను గడియారం విప్పి జేబులో వేసుకున్నాను.