జెరేగారి మేక తిన్న గుమ్మడాకు

కసామాలో మా వీధివాళ్ళకు ఇఫిసాషి అంటే చిసాలా వండిందే. గుమ్మడాకు నార తీసి, దంచిన పచ్చి పల్లీల పొడితో ఉడికించే ఆ కూర అందరం వండుతాం. ఆమె వండితే మాత్రం సంకటి అయిపోయినా గిన్నె వదలబుద్ధి కాదు. ఏళ్ళ తరబడి బడిలో పిల్లలకు వండిపెట్టిన చెయ్యి అది.

ఆమె కూతురు కసుబాను న్గోనీ తెగ కుర్రాడు లామెక్ చేసుకున్నాడు. మా బెంబాలకూ న్గోనీలకూ తాతల నాడు యుద్ధాలు, ఇప్పుడు ఎకసెక్కాలు. ఎవరేమన్నా కోపం తెచ్చుకోకూడదు.

పెళ్ళయ్యాక అల్లుడికి నిప్పు చూపించే విందు, అంటే అత్తింటి వంటలన్నీ అతనికి రుచి చూపే విందు, పెట్టుకున్నారు. లామెక్ మేనమామ జెరే ముందురోజే తమ ఊరు చిపాటా నుంచి ఒక మేకను కానుకగా తెచ్చాడు. తెల్లారేసరికి అది తాడు తెంపుకుని విందుకని గంపలో కోసిపెట్టిన గుమ్మడాకంతా తినేసి, పెరట్లో పాదును కూడా దూసేసింది. కసుబా ఏడుపు మొహం పెట్టింది. చిసాలా ఖాళీ గంప పట్టుకుని తిన్నగా జెరే దగ్గరికి వెళ్ళింది.

"అన్నయ్యగారూ, విందు అల్లుడికన్నాను. మీకు మేకకని వినబడిందా?"

"బెంబాల ఆకు మనుషులు తినేది కాదని దానికి తెలిసిపోయింది చెల్లెమ్మా."

"అయితే తప్పు కట్టండి. రోకలి పట్టుకోండి."

నన్ను మా చేనికి పంపి గుమ్మడాకుకు బదులు కర్రపెండలం ఆకు కోయించింది. అది మెత్తగా దంచితే తప్ప ఉడకదు. పుట్టి బుద్ధెరిగి ఎన్నడూ రోకలి ముట్టని జెరే కోటు విప్పి దిగాడు. నాలుగు పోట్లు రోట్లో, ఒకటి రోటి అంచు మీద. వీధంతా చేరి నవ్వింది.

"మీ మేక ఎలా నమిలిందో చూశారుగా, అంత మెత్తగా దంచాలి," అంటూ చిసాలా పక్కనే నిలబడి పల్లీలు కూడా ఆయన చేతే దంచించింది. పల్లీల పొడికి ఆయన మీసాలు తెల్లబడ్డాయి.

మధ్యాహ్నం అల్లుడి ముందు గిన్నెల మూతలు ఒక్కొక్కటే తీశారు. ఇఫిసాషి వంతు రాగానే జెరే లేచి, ఇది తను దంచిందని చాటుకున్నాడు. లామెక్ రెండుసార్లు మారు వడ్డించుకున్నాడు.

మా ఆచారంలో ఆ విందు అయ్యేదాకా అత్తా అల్లుడూ ఎదురుపడకూడదు. అన్నాళ్ళూ ఆమె కనబడితే సందులోకి తప్పుకున్న లామెక్, ఆరోజు వంటింటి గుమ్మంలో గొంతుకూర్చుని, మర్యాదకు మెల్లగా చేతులు తట్టి పలకరించాడు.

"అమ్మా, అడుగున ఏమన్నా మిగిలిందా?"

చిసాలా కుండ గోకి అతని పళ్ళెంలో వేసింది. పొద్దుటినుంచీ తను ఏమీ తినలేదని అప్పుడు గుర్తొచ్చిందేమో, తనూ ఓ సంకటి ముద్ద పెట్టుకుని అక్కడే కూర్చుంది.