మెట్టెలు తీసిన పూట

పెళ్లయిన కొత్తలో నస్పూర్‌లో ఉండేవాళ్లం. అడుగు వేస్తే నాకు కాలివేళ్ల మొదట్లో, గులకరాయి తొక్కినట్టు నొప్పి. అత్తమ్మ దవాఖానకు తీసుకెళ్లింది.

"మెట్టెలు బిగుసుకొని నరం నొక్కుతున్నయి. తీసెయ్యమ్మా, మెత్తటి చెప్పులు తొడుక్కో" అన్నారు డాక్టరు.

మా ఆయన ఆ వేళ బొగ్గుబాయిలో పనిలో ఉన్నారు. మెట్టెలు తీస్తే ఆయనకేమవుతుందోనని నాకు చెమటలు పట్టాయి. ఇంటికి రాగానే అత్తమ్మే కింద కూర్చుని, సబ్బు రాసి, వాటిని లాగేసింది.

"నా కొడుకు పానం నీ కాలి ఏళ్లల్ల లేదు బిడ్డా."

అయినా షిఫ్టు దిగేదాకా ఇద్దరం గడప దగ్గరే కూర్చున్నాం. ఆయన మసిమొహంతో వచ్చి చాయ్ అడిగారు. అంత నిశ్చింతగా నేనెప్పుడూ చాయ్ పెట్టలేదు. నొప్పి కూడా కాస్త తగ్గినట్టే ఉంది.

వెనక నుంచి అత్తమ్మ మెల్లగా అన్నది: "గా సబ్బు జర ఇటు తే. మీ మామ రాకముందే నాయి గూడ తీసుకుంట."