ఉడకని సున్నపురాళ్లు

మొన్న కామారెడ్డిలో మా వీధి చెట్ల మొదళ్లకు పూయడానికి ఎవరో డబ్బాలో సున్నపు గడ్డలు వేసి నీళ్లు పోస్తున్నారు. అవి బుసబుసమని పొంగి, ఆ వేడి వాసన ముక్కుకు తగిలిందో లేదో, మనసు చంగున ఎల్లారెడ్డిలోని మా వాకిట్లోకి దూకింది.

బతుకమ్మ పండుగ దగ్గర పడిందంటే ఆ వాకిలి వాసనలే వేరు. నిప్పుల మీద కాలుతున్న మక్క కంకులు, గడ్డిలో మగ్గుతున్న సీతాఫలాలు, దంచిన సత్తుపిండి, వాటన్నిటి మీదా పెద్ద మట్టి గోలెంలో ఉడికే సున్నం. గోడలకు సున్నం వేయించే పెత్తనమంతా మా నాయనమ్మది. ఆమెను మేమంతా అవ్వ అనేవాళ్లం. ఎండను తిట్టేది, వానను తిట్టేది, మమ్మల్ని తిట్టిన నోటితోనే దగ్గరికి తీసుకుని ముద్దు పెట్టేది.

నేను బళ్లో చదివే ఒక ఏడు, ఆ సందట్లోనే మా సైన్సు సారు పిట్లం దారిలో రోడ్డు కోసం తొలిచిన గట్టును చూపిస్తానన్నారు. "ఆడపిల్లను గంత దూరం ఒక్కదాన్ని తోలుతనా?" అని అవ్వ రొట్టె, బెల్లం కలిపి చేసిన మలీద ముద్దలు మూట కట్టుకుని మాకంటే ముందే ఎర్రబస్సెక్కి కిటికీ పక్కన కూర్చుంది. నిజాంసాగర్ దాటేసరికి సారు చేత కూడా మలీద తినిపించింది.

గట్టు నిలువునా కోసి ఉంది. పైన నల్లరేగడి, దాని కింద నల్లరాయి, నడుమ తెల్లటి సున్నపురాయి దొంతర పెట్టిన రొట్టెల్లా పొరలు పొరలుగా, అడుగున మళ్లీ నల్లరాయి. ఎప్పుడో భూమిలోంచి నిప్పులా పారిన రాయి చల్లారాక దాని మీద నీళ్లు నిలిచాయట, ఆ నీళ్ల అడుగున పేరుకున్న బురదే ఈ తెల్ల పొర అట, మళ్లీ నిప్పురాయి పారి దాన్ని కప్పేసిందట. అప్పటి నత్తలు ఇంకా అందులోనే ఉంటాయన్నారు సారు. "నత్తగుల్ల ఎవలకు దొరికితె వాళ్లను కామారెడ్డి సైన్సు ప్రదర్శనకు తీస్కపోత" అని కూడా అన్నారు.

కామారెడ్డి అంటే రైలు! మా ఎల్లారెడ్డికి రైలు లేదు. చూసొచ్చిన పిల్లలు ఎంత పోజు కొట్టేవారో! రైలు చూడాలని నాకు ఎంత ఆశంటే, గోళ్లు అరిగేలా ఆ పొరను గీకాను. నాకే కాదు, ఎవరికీ ఏమీ దొరకలేదు. ఏడుపు మొహంతో బస్సెక్కాను.

అవ్వ మాత్రం, "గింత సున్నం ఊకెనే పడి ఉంటె చూస్కుంట నిలవడ్డరేంది!" అని రాలిన తెల్లరాళ్లన్నీ సంచీలో నింపుకుంది. ఇంటికి రాగానే గోలెంలో పోసి, "దూరం జరుగుండ్రి, కండ్లల్ల పడ్తది" అని మమ్మల్ని అరుగెక్కించి నీళ్లు పోసింది. ఒక్క బుడగ లేదు! కట్టెతో కలిపింది, తిట్టింది, మళ్లీ పోసింది. పొలం నుంచి వచ్చిన బాపు తన తల్లి అవస్థ చూసి పొట్ట పట్టుకుని నవ్వాడు.

"అది పచ్చి రాయి అవ్వా, బట్టీల కాలిస్తెనే ఉడుకుతది."

"మరి సున్నపురాయి అన్నడు గద! దొంగ సారు!" అంటూ అవ్వ ఒక్కొక్క రాయే తీసి వాకిట్లోకి విసిరేసింది. ఒకటి నా కాళ్ల దగ్గర పడింది. నీళ్లకు మట్టంతా పోయిన ఆ తెల్లరాయిలో, చిటికెన వేలి గోరంత, మెలి తిరిగిన నత్తగుల్ల! నా కేకకు అవ్వ తేలు కుట్టిందనుకుని పరుగెత్తుకొచ్చింది.

కామారెడ్డికీ అవ్వ తోడొచ్చింది. నేను పొరల గురించి బట్టీ పట్టింది అప్పజెబుతుంటే, పక్కన నిలబడి, "నమ్మకుండ్రి, గీ రాళ్లు నీళ్లల్ల ఏస్తె ఉడకయి!" అని వచ్చినవాళ్లందరికీ చెప్పింది. సాయంత్రం సారు మమ్మల్ని స్టేషన్‌కు తీసుకెళ్లారు. నేల అదిరిపోయేలా రైలు వచ్చింది, ఆగకుండా పోయింది. నేను గంతులేశాను. అవ్వ తిట్టలేదు, నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయింది. చివరి పెట్టె కనుమరుగయ్యాక నా చెయ్యి పట్టుకుని మెల్లగా అడిగింది:

"మల్లొకటి వస్తదా బిడ్డా?"

అవ్వ కూడా రైలు చూడటం అదే మొదటిసారని అప్పుడు తెలిసింది. ఇంకొకటి వచ్చేదాకా ముగ్గురం బెంచీ మీదే కూర్చున్నాం.

ఇప్పుడు ఎల్లారెడ్డి ఇళ్లకు రంగులొచ్చాయి, సున్నం గోలేలు పోయాయి. రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఆ గట్టునూ చదును చేశారు, తెల్ల పొర జాడే లేదు. నేనుండేది కామారెడ్డి స్టేషన్ వెనకే. ఒక రైలు పోతే మరొకటి వస్తూనే ఉంటుంది. అవ్వే లేదు.