లతీఫియా మొదటి సీసా

ఒక ఖాళీ సీసా ఎంత బరువుంటుంది? ఏమీ ఉండదు. కానీ దించకుండా ఏళ్ల తరబడి పట్టుకుంటే ఖాళీ సీసా కూడా చెయ్యి లాగేస్తుంది. నేను మోస్తున్నది అలాంటి బరువు. ఇది నా భార్యకు కూడా నిన్నటిదాకా తెలియదు. మీకు చెబుతున్నాను.

ఇంతకాలం రాయనిది ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, నా అబద్ధం గ్రంథాలయంలోకి వచ్చి కూర్చుంది.

పోయిన నెల సంగారెడ్డి గ్రంథాలయంలో లైబ్రేరియన్ నర్సింగరావు గారు ఒక చిన్న పుస్తకం నా చేతిలో పెట్టారు. రుద్రారంలో చదువుకునే పిల్లలు మన వైపు పాత వృత్తుల మీద రాసింది. కుండలు, మగ్గాలు, కంచు పని. మధ్యలో ఒక పేజీ. సంగారెడ్డిలో పూర్వం లతీఫియా అనే కుటుంబం విస్కీ కాచేదట. ప్రతి కాపులో మొదటి సీసాను అమ్మకుండా అతిథుల కోసం దాచేదట. కింద ఆధారం అని వేసి ఒక విస్కీ సీసా అట్టను, అదే లేబుల్‌ను, చూపించారు.

ఆ వాక్యం నాది. ఇంగ్లిష్‌లోకి వెళ్లి మళ్లీ తెలుగులోకి తిరిగొచ్చింది, అయినా గుర్తుపట్టాను.

విస్కీ సీసా మీద అబద్ధం ఉంటే నాకు బాధ లేదు. సీసా ఖాళీ అవుతుంది, అట్ట చెత్తలోకి పోతుంది. గ్రంథాలయంలో అబద్ధం అలా పోదు. నాలాగే పదో తరగతితో చదువు ఆగినవాడు ఎవడో ఒక ఆదివారం వస్తాడు, ఆ పుస్తకం తీస్తాడు, అచ్చులో ఉంది కనుక నిజమనుకుంటాడు. నేను అలా నమ్మే చదువుకున్నాను. చరిత్ర, భూగోళం, విజ్ఞాన సర్వస్వాలు, అన్నీ ఆ కిటికీ పక్క కుర్చీలో. నన్ను మనిషిని చేసిన చోట నేనే కల్తీ కలిపాను. అందుకే ఇది ఆ పుస్తకం పక్కనే ఉండాలి.

నేను సిగ్గుపడని సంగతులు ముందే చెప్పేస్తాను. లేకపోతే అన్నిటికీ కలిపి ఏడుస్తున్నానని మీరు అనుకుంటారు.

పటాన్‌చెరు పారిశ్రామిక వాడలో సీసాలు నింపే ఒక ఫ్యాక్టరీలో, అట్టలు అంటించే విభాగంలో పనిచేస్తాను. అక్కడ ఒక్క చుక్క స్పిరిట్ కూడా కాచరు. వేరేవాళ్లు కాచింది ట్యాంకర్లలో వస్తుంది. ఇంకెక్కడి నుంచో కొన్ని పీపాల మాల్ట్ వస్తుంది. కలుపుతాం, నీళ్లు పోస్తాం, రంగు సరిచూస్తాం, నింపుతాం. ఇందులో దొంగతనం ఏముంది? దర్జీ బట్ట నేయడు, అయినా చొక్కా కుట్టింది అతనే. ఎక్కడ నింపారో సీసా మీద చిన్న అక్షరాల్లో ఉంటుంది. తాగేవాడు పెద్ద అక్షరాలే చదువుతాడు. దానికి నేను క్షమాపణ చెప్పను.

ఆ పెద్ద అక్షరాలు రాసిందీ నేనే. అవి బాగున్నాయి. ఇప్పటికీ అంటాను, బాగున్నాయి.

సిటీ నుంచి శ్రీధర్ సార్ వచ్చారు, కొత్త సరుకు అమ్మించే బాధ్యత ఆయనది. కొత్త విస్కీకి పాత పేరు కావాలన్నారు. ఇప్పుడు ఎవరూ వాడని పేరు, దాని వెనక ఒక వంశం, ఒక కథ. మీలో పుస్తకాలు చదివేవాడు ఒకడున్నాడట కదా, అని అడిగారు. ఆ మాటను ఫ్యాక్టరీలో ఎగతాళికి తప్ప ఎవరూ నా గురించి అనలేదు. ఆయన మర్యాదగా అన్నారు. నేను రాసిన వ్యాసాలు అప్పటికి ఎన్ని పత్రికలకు పంపానో, ఒక్కటీ అచ్చు కాలేదు. మర్నాడు పొద్దున ఇంటి నుంచి ఒక ఖాళీ సీసా తెచ్చి ఆయన బల్ల మీద పెట్టాను.

అది పన్నీరు సీసా.

నాకు బడి రోజుల నుంచి స్నేహితుడు గౌస్. రోడ్డు పక్క టైర్ల దుకాణం నడుపుతాడు. వాళ్ల తాత అబ్దుల్ లతీఫ్ సాబ్ సంగారెడ్డిలో పన్నీరు తీసేవారు. దుకాణం పేరు లతీఫియా, గుర్తు పావురాల జంట. పెద్ద రాగి గుండిగలో, వాళ్లు దేగ్ అనేవారు, గులాబీ రేకులు, నీళ్లు పోసి, మూత చుట్టూ పిండి ముద్దతో మెత్తి, వెదురు గొట్టం గుండా ఆవిరి దించేవారట. ప్రతి కాపులో మొదటి సీసా అమ్మేవారు కాదు. పక్కన పెట్టేవారు. ఊళ్లో ఎవరింట్లోనైనా మనిషి పోతే ఆ సీసా ఆ ఇంటికి వెళ్లేది, ఏ మతమని చూసేవారు కాదు. ఆఖరి స్నానం తర్వాత చల్లడానికి. తర్వాత చవక సెంటు చుక్కలు వచ్చాయి, ఆయన పోయారు, దేగ్ చల్లబడింది. కొడుకులు ఇద్దరు. పెద్దాయన రహీం, గౌస్ తండ్రి. చిన్నాయన ఖాజా, గౌస్‌కూ నాకూ చిచ్చా, అంటే బాబాయి. ఆ మొదటి సీసాలు కొన్ని ఇంట్లో మిగిలాయి.

వాటిలో ఒకటి మా అమ్మ పోయిన రోజు కంది ఊళ్లోని మా ఇంటికి వచ్చింది. ఖాజా చిచ్చా తెచ్చాడు. బస్సు దిగి, సీసాను రుమాలులో చుట్టుకుని వచ్చాడు. అమ్మ మీద తనే చల్లాడు. తిరుగు బస్సుకు వెళ్లిపోయాడు. ఖాళీ సీసా నేను దాచుకున్నాను.

శ్రీధర్ సార్ బల్ల మీద పెట్టింది ఆ సీసానే.

అట్ట వెనక కథ తెలుగులో రాసిచ్చాను. సిటీలో ఎవరో ఇంగ్లిష్ చేశారు. పెద్దగా మార్చనక్కర్లేకపోయింది, అదే నా తెలివి. గులాబీలు ఉన్నచోట గింజలు పెట్టాను. చావు ఉన్నచోట అతిథులను పెట్టాను. దేగ్ అలాగే ఉంది, పావురాలు అలాగే ఉన్నాయి, మొదటి సీసా అలాగే ఉంది. అచ్చయి వచ్చిన రోజు ఒక అట్టను జేబులో పెట్టుకుని గ్రంథాలయానికి వెళ్లి, నా కుర్చీలో కూర్చుని చదువుకున్నాను. ఎంత సంతోషమో చెప్పలేను. నా పేరు లేదు. అయినా అచ్చులో ఉన్నాను.

నాకు ఎవరూ డబ్బివ్వలేదు, నేను అడగలేదు. పేదరికం చేయించిందని చెప్పుకునే దారి కూడా లేదు. పోనీ, ఇదే నేరం అనుకుంటున్నారా? కాదు. ఇంతవరకే అయితే గౌస్ నాలుగు తిట్టి ఊరుకునేవాడు. అసలు నేరం ఒక టీ గ్లాసు దగ్గర జరిగింది.

విస్కీ దుకాణాల్లోకి వచ్చిన కొన్నాళ్లకు గౌస్ మా ఫ్యాక్టరీ గేటు ముందున్న టీ బండి దగ్గరికి వచ్చాడు. చేతిలో పేపరు చుట్టిన సీసా.

"సూడు దీన్ని."

"ఏంది?"

"మా తాత పేరు. కబూతర్ల జోడీ గూడ గదే. మీ కంపెనీదే గద?"

అవునన్నాను.

"జుమ్మా నమాజు కాడ అబ్బాకు సూపెట్టిండ్రు. మీ నాయిన పన్నీరు తీసిండా, సారా తీసిండా అని నవ్విండ్రు. అబ్బా రెండు దినాల సంది అన్నం ముడుతలేడు." టీ తీసుకున్నాడు, తాగలేదు. "తాత బతికుంటే కేసు గీసు ఏం ఎయ్యకపోవు. మీ మేనేజర్‌ను దేగ్‌ల ఏసి మూత మెత్తుతుండె."

ఇద్దరం నవ్వాం. నవ్వు ఆగాక అడిగాడు.

"లోపల పని చేస్తవ్ గద, జెర దర్యాప్తు చెయ్ రా. గీ పేరు ఎవరిచ్చిండ్రో."

"గివన్నీ హెడ్డాఫీసుల అయితయి. మాకేం ఎర్క."

"పేరంటే ఎక్కడనన్న దొరుకుతది. మొదటి సీసా ముచ్చట బయటోనికి ఎట్ల ఎర్కయితది?"

అప్పుడు అన్నాను. "ఇంట్లోల్లే ఎవరో చెప్పి ఉంటరు."

గౌస్ నా ముఖంలోకి చూశాడు. "ఖాజా చిచ్చానా?"

నేను అవుననలేదు. కాదని కూడా అనలేదు. టీ తాగాను.

అంతే. ఆ అనుమానం గౌస్‌తో పాటు వాళ్లింటికి వెళ్లింది. అంతకుముందు ఏడాది ఖాజా చిచ్చా అన్నకు చెప్పకుండా రాగి దేగ్‌ను పాత సామాన్లవాడికి అమ్మాడు. పిల్ల ఆసుపత్రిలో ఉంటే అమ్మాడు. దేగ్ అమ్మినవాడు పేరు అమ్మడా, అనుకున్నాడు రహీం సాబ్. తమ్ముడు ఖురాన్ మీద ప్రమాణం చేస్తానన్నా వినలేదు. సంచీ నిండా డబ్బు తీసుకున్నాడని బంధువుల్లో పాకింది. ఖాజా చిచ్చా ఇల్లు వదిలిపెట్టాడు. ఇప్పుడు కిష్టారెడ్డిపేటలో ఒక అపార్ట్‌మెంట్ వాచ్‌మన్. కూతురి పెళ్లికి అన్న రాలేదు. పండగ నమాజుకు ఇద్దరూ వేరువేరు మసీదులకు పోతారు. ఇప్పటికీ.

ఎందుకలా అన్నాను? ఉద్యోగం పోతుందనా? పోదు, ఆ పేరు తెచ్చినందుకు నన్ను మెచ్చుకున్నారు. గౌస్ కొడతాడనా? కొట్టినా పడేవాణ్ని. చాలాకాలం నాకే తెలియలేదు. ఇప్పుడు తెలుసు. నిజం చెబితే గొడవవుతుంది, పేరు వెనక్కి తీసుకుంటారు, అట్ట మారుస్తారు, నా జీవితంలో అచ్చయిన నాలుగు వాక్యాలు మాయమవుతాయి. ఆ నాలుగు వాక్యాల కోసం ఇద్దరు అన్నదమ్ములను విడదీశాను. ఇంత చదివిన నేను.

ఒకసారి కిష్టారెడ్డిపేటలో ఖాజా చిచ్చాను చూశాను. గేటు దగ్గర కుర్చీ వేసుకుని ఉన్నాడు. లేచి నిలబడ్డాడు, నా కోసం. ఇంకా లైబ్రరీకి పోతున్నావా అని అడిగాడు. పోతున్నానన్నాను. మంచిదన్నాడు.

ఆ సీసా ఇప్పుడు మా ఆఫీసు ముందు గదిలో అద్దాల పెట్టెలో ఉంది. వచ్చినవాళ్లకు పూర్వకాలపు విస్కీ సీసా అని చూపిస్తారు. రోజూ దాని పక్క నుంచే లోపలికి పోతాను. మా అమ్మ మీద చల్లిన పన్నీరు సీసా అది.

ఇది చదివి కంపెనీవాళ్లు నన్ను తీసేస్తే తీసేయనీ. చిన్న విషయం, మరిచిపో అని నాకు చెప్పకండి. పాపం, ఎంత బాధపడ్డావో అని కూడా అనకండి. బాధపడింది నేను కాదు. క్షమించమని ఎవరినీ అడగను. అడిగితే వాళ్ల మీద ఇంకో బరువు పెట్టినట్టే.

రెండుసార్లు గౌస్ దుకాణానికి వెళ్లాను చెబుదామని. రెండుసార్లూ బండికి గాలి కొట్టించుకుని వచ్చాను. నోటితో చెప్పడం రాదు, రాయడమే నాకు వచ్చు. రేపు ఈ కాగితాలు గౌస్ చేతికే మొదట ఇస్తాను. తెలుగు నెమ్మదిగా చదువుతాడు, అందుకే చిన్న వాక్యాలు రాశాను. చదవడం అయ్యేదాకా అక్కడే నిలబడతాను. తర్వాత ఇవి గ్రంథాలయానికి పోతాయి. నా పేరు వేయడం లేదు. సీసా మీద కూడా వేయలేదు. చేసింది ఎవరో తెలియాల్సినవాళ్లకు తెలుస్తుంది.

లతీఫ్ సాబ్ సారా కాయలేదు. పన్నీరు తీశారు. మొదటి సీసా చచ్చిపోయినవాళ్లది. ఈ సంగతులు కంపెనీకి చెప్పింది నేను. ఖాజా కాదు.

నర్సింగరావు గారికి కృతజ్ఞతలు, కుర్చీ ఇచ్చినందుకు, ఎంతవరకు చదివావని ఏనాడూ అడగనందుకు. నా భార్య సుజాతకు, రాత్రి ఇది చదివి, ఖాజా పేరు ఇంకా స్పష్టంగా రాయమన్నందుకు. గౌస్‌కు, తన తాతను నాకు కథగా చెప్పినందుకు. రహీం సాబ్‌కు, చిన్నప్పుడు నన్ను తన ఇంట్లో పక్కన కూర్చోబెట్టుకుని అన్నం పెట్టినందుకు.

ఖాజా చిచ్చాకు, మా అమ్మ కోసం సీసా తెచ్చినందుకు. ఆ రోజు చెప్పలేదు.